అమ్మ నడిపిన బండి, నాన్న ఏరి తెచ్చిన పార్టులు

పేరు రాయొద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా పెద్దది, అందుకే ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆమెకు భర్త, నాలుగేళ్ల పాప ఉన్నారు. రెండేళ్ల క్రితం అమ్మ పోయింది. అమ్మ నడిపిన పద్దెనిమిదేళ్ల నాటి కారు షెడ్డులో దుమ్ము పట్టి ఉండిపోయింది. ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన నాన్న, ఆ తర్వాత ఎవరితోనూ సరిగా మాట్లాడటమే మానేశారు. ఏడాది క్రితం ఒకరోజు ఆయన షెడ్డు తలుపు తీసి, “దీన్ని బాగుచేసి నీకిస్తాను, పాపని బడికి నువ్వే దింపుకోవచ్చు” అన్నారు. ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. కొత్త పార్టులు దొరకడం కష్టం. దాంతో వారానికి రెండు మూడుసార్లు తుక్కు కార్ల యార్డుకు వెళ్లడం మొదలుపెట్టారు. గ్రీజు చేతులతో ఇంటికొచ్చి, ఆరోజు ఏం దొరికిందో చెప్పేవారట. “అమ్మ పోయాక నాన్న గొంతులో హుషారు విన్నది అప్పుడే” అని ఆమె రాశారు.

ఇప్పుడు బండి తయారైంది. ఒక తలుపు, హెడ్‌లైటు, ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది), ఇంజిన్ కంప్యూటర్ (అందరూ ఈసీయూ అంటారు), ముందు చక్రాల బ్రేక్ క్యాలిపర్లు (బ్రేకు వేసినప్పుడు చక్రం డిస్కుని నొక్కి పట్టేవి), ఒక లోయర్ ఆర్మ్, ఎయిర్‌బ్యాగ్‌తో సహా స్టీరింగ్ వీల్, ముందు సీట్ల బెల్టులు అన్నీ యార్డు నుంచి వచ్చినవే. వాటితోపాటు, నుజ్జయిన ఒక కారు వెనక సీట్లో దొరికిన చైల్డ్ సీటు కూడా తెచ్చారు. దాన్ని కడిగి, కొత్త గుడ్డతో కవరు కుట్టి మరీ బిగించారు.

ఆమె భర్త ఈసీయూ మీద నంబర్ స్టిక్కర్ లేకపోవడం చూసి, “ఇది దొంగ సామానేమో, పాపని ఈ బండి ఎక్కించను” అన్నారు. అన్నయ్యేమో ఫోన్లోనే “ఆ డొక్కు బండిని అమ్మేసి కొత్తది కొనుక్కో” అని తేల్చేశారు. ఆమె అడిగినవి మూడు ప్రశ్నలు. ఇలాంటి పార్టులు వాడొచ్చా? వద్దనుకుంటే నాన్న మనసు విరగకుండా ఎలా చెప్పాలి? తన భర్త అతి చేస్తున్నారా?

మూడో ప్రశ్నకి ముందు జవాబు చెబుతానమ్మా, ఎందుకంటే మీ టెన్షన్ అంతా అక్కడే ఉన్నట్టుంది. మీ వారు అతి చేయడం లేదు. మీ నాన్నగారు చేసిన పనిలో చాలా భాగం మంచి పనే. ఇద్దరూ బండి మొత్తాన్ని ఒకే మూటగా చూస్తున్నారు, గొడవ అక్కడ వచ్చింది. ఆ మూట విప్పి ఒక్కో పార్టునీ విడిగా చూస్తే మీరు అనుకున్నంత పెద్ద గొడవ మిగలదు.

పాత పార్టు వాడటంలో నామోషీ ఏమీ లేదు. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, మరమ్మతుకు వచ్చిన కస్టమర్‌కి కొన్ని రకాల పార్టుల విషయంలో పాతవి వాడుకునే అవకాశం కూడా ఉందని మెకానిక్‌లు చెప్పాలన్న నియమం ఉంది. అదే నియమం బ్రేకుల్లో, స్టీరింగ్‌లో అరిగిపోయే భాగాలను పక్కన పెట్టింది. మీ ఇంట్లో గీయాల్సిన గీత కూడా దాదాపు అక్కడే ఉంది.

“అన్నీ ఇదే మోడల్ బండివి” అని నాన్నగారు అన్నారని రాశారు. మొదలుపెట్టడానికి ఆ మాట మంచిదే, కానీ అదొక్కటే చాలదు. ఒకే పేరుతో ఏళ్ల తరబడి అమ్ముడైన బండిలో లోపలి సామాను మధ్యమధ్యలో మారిపోతూ ఉంటుంది. బయటికి అంతా ఒకేలా కనిపిస్తుంది. నేను ఒకసారి నా బండికి యార్డులో ఆల్టర్నేటర్ తెచ్చుకున్నాను. పక్కపక్కన పెడితే రెండూ కవలల్లా ఉన్నాయి. బెల్టు ఎక్కించేటప్పుడు తెలిసింది, నా దాని పుల్లీకి ఆరు గాడులు, తెచ్చినదానికి అయిదు.

అందుకే ముందు చూడాల్సింది మీ బండి ఛాసిస్ నంబర్. అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉంటాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో ఐ, ఓ, క్యూ అందులో వాడరు, ఒకటితోనూ సున్నాతోనూ పొరబడతామని. చాలా కంపెనీలు పదో స్థానంలో మోడల్ సంవత్సరాన్ని సూచిస్తాయి. ఈ నంబర్ చెబితే, మీ బండి తయారైనప్పుడు ఏ నంబర్ పార్టు బిగించారో కంపెనీ స్పేర్ పార్టుల కౌంటర్లో చూసి చెప్పగలరు. ఆ నంబర్ ఆపేసి దాని బదులు కొత్త నంబర్ ఇచ్చి ఉంటే అదీ చెబుతారు. అప్పుడు దాన్ని యార్డు నుంచి వచ్చిన పార్టు మీద ఉన్న నంబర్‌తో పోల్చి చూడాలి. చివర ఒక్క అక్షరం మారినా ఎందుకు మారిందో కనుక్కోవాలి. కొన్ని కంపెనీల నంబర్లు చదవడం తేలికే. టయోటా వాళ్ల నంబర్ 27060తో మొదలైతే ఆల్టర్నేటర్, 28100తో మొదలైతే స్టార్టర్ మోటార్. గీత తర్వాత వచ్చే అంకెలను బట్టి అది ఏ రకం ఇంజిన్‌దో తేలుతుంది.

పోత పోసిన ఇనుము, అల్యూమినియం పార్టుల మీద ఉబ్బెత్తుగా పెద్ద నంబర్ ఒకటి కనిపిస్తుంది. చాలామంది దాన్నే పార్టు నంబర్ అనుకుంటారు. తరచూ అది పోత నంబర్ మాత్రమే. ఒకే రకం పోతకి వేర్వేరు చోట్ల రంధ్రాలు వేసి వేర్వేరు బండ్లకు పంపుతారు. మీ నాన్నగారు ఫోర్‌మన్‌గా చేశారు కాబట్టి ఈ సంగతి మీకంటే నాకంటే ఆయనకే బాగా తెలిసి ఉంటుంది.

ఇంకొకటి, నాకు చాలా ఇష్టమైన గుర్తు. ప్లాస్టిక్ పార్టుల లోపలి వైపు చిన్న గడియారంలాంటి ముద్ర ఉంటుంది. చుట్టూ 1 నుంచి 12 దాకా నెలలు, మధ్యలో సంవత్సరం, ఒక బాణం. ఆ పార్టు ఏ నెలలో అచ్చయిందో దాన్ని చూసి చెప్పొచ్చు. తుక్కు బండి తయారైన తేదీ కంటే ఈ తేదీ బాగా తర్వాతిదైతే, ఆ పార్టుని మధ్యలో ఎవరో మార్చారని అర్థం. అంటే ఆ బండికి ఆ వైపున అంతకుముందే ఒకసారి దెబ్బ తగిలి ఉండొచ్చు. పక్కనున్న ఇనుప భాగాలను తీసుకునేటప్పుడు మరింత జాగ్రత్తగా చూడాలి.

ఇక వాడొచ్చా లేదా అన్నది. పాత పార్టు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నేను రెండు విషయాలు చూసుకుంటాను. ఇది నడి రోడ్డు మీద చెడిపోతే ఏమవుతుంది? ఇప్పటిదాకా దీనికి జరిగిందంతా నా కంటికి కనిపిస్తుందా? మీ బండిలో ఉన్నవాటిని ఈ రెండింటితో చూద్దాం.

తలుపు, హెడ్‌లైటు, ఆల్టర్నేటర్ విషయంలో నిశ్చింతగా ఉండండి. తలుపుకి దెబ్బ తగిలి ఉంటే అంచుల దగ్గర, కీళ్ల దగ్గర తెలిసిపోతుంది. లోపలి ప్యానెల్ విప్పి, పక్క నుంచి గుద్దితే ఆపడానికి అడ్డంగా పెట్టిన ఇనుప కడ్డీ వంగలేదని చూస్తే చాలు. హెడ్‌లైటులో ఒక్కటి చూడండి. రోడ్డుకి ఎడమ పక్కన నడిపే దేశాల బండ్లకి, కుడి పక్కన నడిపే దేశాల బండ్లకి కాంతి పడే తీరు వేరు. తప్పుగా వస్తే ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది. ఒక రాత్రి గోడకి ఎదురుగా నిలిపి, రెండు లైట్లూ ఒకేలా పడుతున్నాయేమో పోల్చుకోండి. ఆల్టర్నేటర్ చెడిపోతే బ్యాటరీ లైటు వెలుగుతుంది, కాసేపటికి బండి ఆగుతుంది. చిరాకే కానీ, అది ముందుగా హెచ్చరించే రకం జబ్బు.

బ్రేక్ క్యాలిపర్లు నడిమి రకం. క్యాలిపర్ బాడీ మందపాటి లోహం, చాలాకాలం ఉంటుంది. చెడిపోయేవి లోపలి పిస్టన్, రబ్బరు సీళ్లు. నాన్నగారు సీళ్లు కొత్తవి వేసి, పిస్టన్ మీద తుప్పు గుంటలు లేవని చూసి బిగించి ఉంటే అది గౌరవించాల్సిన పని. తెచ్చినవి తెచ్చినట్టే బిగించి ఉంటే మళ్లీ విప్పాల్సిందే. డిస్కులు కూడా కొలిపించండి. ఎంత మందం వరకు అరగొచ్చో చాలా డిస్కుల అంచు మీద అంకెల్లో ముద్రించి ఉంటుంది. ఈ పనికి మధ్యేమార్గం ఒకటుంది. పాత క్యాలిపర్లను ఫ్యాక్టరీలో పూర్తిగా విప్పి, అరిగినవన్నీ మార్చి, పరీక్షించి అమ్ముతారు. ఇది కొత్త ఆలోచన కాదు. పారిస్ దగ్గరి ఒక కర్మాగారంలో రెనో కంపెనీ 1949లోనే పాత పార్టులను ఇలా తిరిగి తయారు చేయడం మొదలుపెట్టింది. మీ మోడల్‌కి అలాంటివి దొరికితే ఖర్చు కొత్తవాటి కంటే తగ్గుతుంది, రాత్రి నిద్ర కూడా పడుతుంది.

లోయర్ ఆర్మ్ దగ్గరికి వచ్చేసరికి నా అభిప్రాయం గట్టిపడుతుంది. చక్రాన్ని బండికి పట్టి ఉంచేది అదే. తుక్కు బండికి ముందు వైపు దెబ్బ తగిలి ఉంటే, ఆ ఆర్మ్ కంటికి కనిపించనంతగా వంగి ఉండొచ్చు, లోపల సన్న పగులు కూడా ఉండొచ్చు. ఆ బండి వెనక నుంచి గుద్దించుకుందా, ముందు నుంచా అన్నది నాన్నగారికి గుర్తుంటే సగం సందేహం తీరుతుంది. తెలియకపోతే దీన్ని మాత్రం కొత్తది వేయించుకోవడం మేలు.

ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టుల విషయంలో మీ వారి పక్షాన ఉంటాను. డ్యాష్‌బోర్డు మీది ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక లైటు చూపించి “లైటు ఆరిపోయింది చూడు” అని నాన్నగారు అన్నారని రాశారు. ఆ లైటు ఆరితే కరెంటు దారి సరిగ్గా ఉందని మాత్రమే తెలుస్తుంది. గుద్దినప్పుడు మండి ఎయిర్‌బ్యాగ్‌ని ఉబ్బించే లోపలి మందు ఏ స్థితిలో ఉందో దానికి తెలియదు. ఎయిర్‌బ్యాగ్ ఉండాల్సిన చోట రెసిస్టర్ అనే చిన్న కరెంటు ముక్క పెట్టినా ఆ లైటు ఆరిపోతుంది, అలా మోసం చేసేవాళ్లూ ఉన్నారు. ఇంతకంటే పెద్ద కారణం తకాటా కంపెనీ కథ. ఆ కంపెనీ ఎయిర్‌బ్యాగుల్లో గ్యాస్ పుట్టించడానికి అమ్మోనియం నైట్రేట్ వాడారు. ఏళ్ల తరబడి వేడికీ తేమకీ అది పాడై, గుద్దినప్పుడు మితిమీరిన వేగంతో మండి, లోహపు డబ్బాని ముక్కలు చేసి మనిషి మీదికి విసిరేది. ఒక్క అమెరికాలోనే సుమారు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లను (గ్యాస్ పుట్టించే ఆ డబ్బాలను) వెనక్కి పిలిచారు. 2017లో కంపెనీ దివాలా తీసింది. మీ బండి వయసు చూస్తే అది ఆ కాలం బండే. యార్డులో ఎండకీ వానకీ పడి ఉన్న ఎయిర్‌బ్యాగ్ ఏ రకానిదో, ఎంత పాడైందో పైనుంచి చూసి చెప్పడం మీ నాన్నగారి వల్లే కాదు, ఎవరి వల్లా కాదు.

బెల్టు కూడా అంతే. గట్టిగా గుద్దినప్పుడు చాలా బండ్లలో బెల్టుని బిగించే చిన్న మందు పేలుతుంది, అది ఒక్కసారికే పనికొస్తుంది. బెల్టు నేత కూడా ఆ లాగుడికి సాగిపోతుంది. ఆ తర్వాత మడతపెట్టి చూస్తే ఏ తేడా ఉండదు.

ఇప్పుడు మీ ముందు కొన్ని దారులున్నాయి. మొదటిది, ఎయిర్‌బ్యాగ్, బెల్టులు, లోయర్ ఆర్మ్ మూడింటినీ కొత్తవి తెప్పించి, క్యాలిపర్లు సరిచూసి, మిగతావి అలాగే ఉంచుకోవడం. ఖర్చవుతుంది, పాత మోడల్ కాబట్టి నెలలు పట్టొచ్చు, కానీ బండి మీ చేతికి వస్తుంది. రెండోది, కొత్త బెల్టులు వేయించి, ఎయిర్‌బ్యాగ్ దొరికేదాకా అది లేకుండానే నడపడం. అలా చేస్తే గుద్దినప్పుడు డ్రైవర్‌కి రక్షణ తగ్గుతుంది, హెచ్చరిక లైటు వెలుగుతూనే ఉంటుంది, మీ చోట తనిఖీలోనూ బీమాలోనూ చిక్కులు రావచ్చు. మీరొక్కరే దగ్గరి దూరాలు వెళ్లడానికైతే ఆలోచించుకోవచ్చు, పాప ప్రయాణాలకి నాకు నచ్చదు. మూడోది, బండిని అమ్మ జ్ఞాపకంగా ఉంచుకుని, నాన్నగారు పొద్దున పూట నెమ్మదిగా ఓ చుట్టు తిప్పి తేవడం, బడికి వేరే బండి చూసుకోవడం. దీనికీ బ్రేకులు, బెల్టులు, ఎయిర్‌బ్యాగ్, లోయర్ ఆర్మ్ సరిచేయాల్సిందే, అందులో కూర్చునేది మీ నాన్నగారు కదా. అన్నయ్య చెప్పినట్టు అమ్మేయడమూ ఒక దారే. అయితే ఈ నిర్ణయం ఫోన్లో అయ్యేది కాదు, ఆయన వచ్చి ఆ షెడ్డులో ఒక పూట కూర్చున్నాక మాట్లాడమనండి.

ఈసీయూ గురించి మీ వారి అనుమానం తీర్చడం కష్టమేమీ కాదు. బానెట్ కింది వేడికి స్టిక్కర్ ఊడిపోవడం మామూలే. ఊడిన స్టిక్కర్ జిగురు మరకని వదులుతుంది. కావాలని చెరిపిన నంబర్ దగ్గర లోహం మీద గీతలు కనిపిస్తాయి. మెకానిక్ దగ్గరుండే స్కానర్ తగిలిస్తే చాలా ఈసీయూలు తమ నంబర్‌నీ, తాము పుట్టిన బండి ఛాసిస్ నంబర్‌నీ చెప్పేస్తాయి. అది యార్డు రసీదుతో సరిపోతే మీ ఇంట్లో ఒక గొడవ అక్కడికక్కడే ముగుస్తుంది. రసీదు లేకపోతే యార్డుకి వెళ్లి ఏ బండిదో రాసివ్వమని అడగండి. అడిగితే దాటవేశారంటే, ఆ పార్టు తిరిగి ఇచ్చేయడం మంచిది. రేపు బండి అమ్మాలన్నా, ఎవరైనా ఆరా తీసినా జవాబు చెప్పాల్సింది మీరే. ఇంకో మాట, ఆ తుక్కు బండి నీళ్లలో మునిగినదేమో కూడా నాన్నగారిని అడగండి. సీటు పట్టాల్లో ఎండిన బురద, కనెక్టర్ పిన్నుల మీద ఆకుపచ్చ తుప్పు చూసి ఉంటే, ఆ ఈసీయూ ఈరోజు పనిచేసినా నమ్మకం పెట్టుకోలేం.

నాన్నగారితో ఎలా చెప్పాలి అన్నదే మీకు అన్నిటికంటే బరువుగా ఉంది. “మా ఆయన వద్దంటున్నాడు” అని మాత్రం మొదలుపెట్టవద్దు. అప్పుడు అది మామా అల్లుళ్ల మధ్య పంతం అవుతుంది, బండి సంగతి వెనక్కి పోతుంది. ఒక నోటుబుక్కు తీసుకుని ఆయన పక్కన కూర్చోండి. ఒక్కో పార్టూ ఏ బండిదో, ఆ బండికి ఏమైందో, ఏమేం చూసి తీసుకున్నారో చెప్పించుకుని రాయండి. ఏడాది కష్టాన్ని ఒకరు కూర్చుని వింటున్నారని ఆయనకి తెలియాలి. అలా చెబుతూ పోతే, ఎయిర్‌బ్యాగ్ దగ్గరా బెల్టుల దగ్గరా “ఆ బండికి ఏమైందో తెలీదు” అని ఆయన నోటి నుంచే వచ్చే అవకాశం ఎక్కువ.

అప్పుడు ఆయన పని చేసిన చోటు నుంచే ఒక మాట అడగండి. “నాన్నా, ఫ్యాక్టరీలో ఎక్కడిదో తెలియని గొలుసు తెచ్చి క్రేన్‌కి కడతామంటే నువ్వు ఒప్పుకునేవాడివా?” అని. ఫోర్‌మన్‌గా చేసిన మనిషికి ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు. ఆయన చేతి పనిని మీరు శంకించడం లేదనీ, ఆ పార్టు వెనక ఏం జరిగిందో ఎవరికీ తెలియదనే మీ భయమనీ ఆయనకి అర్థమవుతుంది. కోపం రావచ్చు, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. అయినా ఈ మాట అనకుండా ఉండిపోతే, పాప ఆ బండి ఎక్కిన ప్రతిసారీ మీకు గుండె దడే.

మీ వారికి కూడా ఒకటి చెప్పండి. ‘దొంగ సామాను’ అన్న మాట మామగారి చెవిన పడనివ్వవద్దు. క్యాలిపర్లు మళ్లీ విప్పే రోజున ఆయన్ని పక్కన నిలబడి స్పానర్లు అందించమనండి.

బండి పూర్తయ్యాక నాన్న మళ్లీ మౌనంలోకి వెళ్లిపోతారేమోనన్న భయం మీ ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో కనిపించింది. పద్దెనిమిదేళ్ల బండికి పని అంత త్వరగా అయిపోదు. కిటికీ అద్దం మోటారు, తలుపు పిడి, డిక్కీ తాళం ఇలా ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది, ఇవన్నీ యార్డులో ధైర్యంగా తెచ్చుకోదగ్గవే. అయితే ఆ వయసులో ఒక్కరే వెళ్లడం మాత్రం మానాలి. జాకీ మీద నిలిపిన బండి కిందికి దూరకూడదని, విప్పే ముందు బ్యాటరీ వైరు తీయాలని ఆయనకి తెలుసు. తెలిసినా, ఏదైనా అయితే పిలవడానికి పక్కన మనిషి ఉండాలి. ఒక ఆదివారం మీరే తోడు వెళ్లండి.

చైల్డ్ సీటు విషయంలో ఆదివారం దాకా ఆగవద్దు. నుజ్జయిన కారులోంచి తీసిన సీటుని ఏ పిల్లకీ వాడకూడదు. ఆ దెబ్బకి లోపలి ప్లాస్టిక్ ఎక్కడ చిట్లిందో కవరు విప్పి చూసినా తెలియదు. పైగా చాలా సీట్లకి అడుగున వాడకపు గడువు తేదీ అచ్చు వేసి ఉంటుంది. ఈ ఒక్కదాంట్లో నేను వేరే దారి చూపించలేను. ఇవాళే బండిలోంచి తీయించి, పారేసే ముందు బెల్టులు కత్తిరించండి, లేకపోతే ఇంకెవరో ఏరుకుని తమ పిల్లకి కడతారు. ఎందుకో నాన్నగారికి ముందే చెప్పి ఆయన చేతే చేయించండి. ఆయన కుట్టిన కవరు మాత్రం విప్పి దాచుకోండి. కొత్త సీటు మీద అది వేయకండి, దాని బెల్టుల దారికి అడ్డం రావచ్చు. పాపకి దిండు గలీబుగా కుట్టిపెట్టమని ఆయన్నే అడగండి.